ఎల్‌సీ3 కోడెక్, ఎల్‌ఈ ఆడియో: ఎక్కడ మెరుగు, ఎక్కడ కాదు

కొత్త ఇయర్‌బడ్స్ పెట్టెల మీద ‘ఎల్‌ఈ ఆడియో’, ‘ఎల్‌సీ3’ అన్న మాటలు ఇప్పుడు తరచుగా కనిపిస్తున్నాయి. ఎల్‌ఈ ఆడియో అంటే బ్లూటూత్‌లో ధ్వని పంపే కొత్త పద్ధతి. ఎల్‌సీ3 అందులో ధ్వనిని కుదించి పంపి, మళ్లీ విప్పే సూత్రం, అంటే కోడెక్. కొన్నవాళ్లలో చాలామంది స్విచ్ ఆన్ చేసి, ఒక పాట విని, పెద్ద తేడా ఏమీ లేదని పెదవి విరుస్తారు. వాళ్లు విన్నది నిజమే. ఈ కోడెక్ చేసిన మేలు పాటలో వెతికితే అంతగా దొరకదు. కాల్ మాట్లాడేటప్పుడు, వీడియోలో పెదాల కదలికకీ మాటకీ పొంతన కుదరడంలో, రద్దీ చోట్ల ధ్వని తెగకుండా నిలబడటంలో, వినికిడి యంత్రాల్లో దొరుకుతుంది. ఆ లెక్కన చూస్తే బ్లూటూత్ ఆడియోలో ఎస్‌బీసీ అనే పాత కోడెక్ తర్వాత వచ్చిన అతి ముఖ్యమైన మార్పు ఇదే. అయితే దాని చుట్టూ అల్లిన ఫోన్లు, బడ్స్ సాఫ్ట్‌వేర్ ఇంకా ఆ స్థాయిని అందుకోలేదు. ఈ రెంటినీ విడదీసి చూడకపోతే తీర్పు తప్పుతుంది.

ఎల్‌సీ3 వెనక ఉన్నది జర్మనీలోని ఎర్లాంగెన్‌లో ఉన్న ఫ్రౌన్‌హోఫర్ ఐఐఎస్ సంస్థ, దానితో కలిసి పనిచేసిన ఎరిక్‌సన్. ఎంపీ3కి రూపం వచ్చింది కూడా ఎర్లాంగెన్‌లోనే. ఆ పనికి కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బుర్గ్, బెర్న్‌హార్డ్ గ్రిల్, హరాల్డ్ పోప్‌లకు 2000లో జర్మనీ అధ్యక్షుడి ఆవిష్కరణ పురస్కారం దక్కింది. చెవి దేన్ని పట్టుకుంటుందో, దేన్ని వదిలేస్తుందో దశాబ్దాలుగా కొలిచిన అనుభవం ఎల్‌సీ3లో అడుగడుగునా కనిపిస్తుంది. బ్లూటూత్ ప్రమాణాలు రూపొందించే సంస్థ బ్లూటూత్ ఎస్‌ఐజీ దీన్ని 2020 జనవరిలో ప్రకటించింది. కోడెక్ స్పెసిఫికేషన్ అదే ఏడాది సెప్టెంబరులో వచ్చింది. మొత్తం ఎల్‌ఈ ఆడియో స్పెసిఫికేషన్లు పూర్తయ్యేసరికి 2022 జులై అయింది.

పాత ఎస్‌బీసీ పనితీరు చాలా సాదా. ధ్వనిని 4 లేదా 8 పట్టీలుగా చీల్చి, ఒక్కో పట్టీకి ఇన్ని బిట్లని పంచుతుంది. ఆ తర్వాత, తరచుగా వచ్చే విలువలకి తక్కువ బిట్లు వాడే ఎంట్రోపీ కోడింగ్ లాంటి కుదింపు ఏమీ లేదు. అందుకే మంచి నాణ్యత కావాలంటే బిట్‌పూల్ (పంచడానికి కేటాయించే బిట్ల పరిమాణం) 53 దగ్గర 44.1 కిలోహెర్ట్జ్ స్టీరియోకి 328 కేబీపీఎస్ (సెకనుకి 328 కిలోబిట్లు), బిట్‌పూల్ 51 దగ్గర 48 కిలోహెర్ట్జ్‌కి 345 కేబీపీఎస్ ఖర్చవుతుంది. ఎల్‌సీ3 అదే 48 కిలోహెర్ట్జ్ ధ్వనిని 10 మిల్లీసెకన్ల ముక్కలుగా తీసుకుని, ఒక్కో ముక్కని 480 స్పెక్ట్రమ్ గీతలుగా మారుస్తుంది. వాటిలో 20 కిలోహెర్ట్జ్ దాకా ఉన్న 400 గీతల్నే పంపుతుంది. క్వాంటైజేషన్ (విలువల్ని దగ్గరి అంకెకి సర్దడం) వల్ల పుట్టే రొద ఏ పౌనఃపున్యంలో దాక్కోవాలో 16 స్కేల్ ఫాక్టర్లతో నిర్ణయిస్తుంది. ఈ స్కేల్ ఫాక్టర్లన్నిటికీ కలిపి ఒక ముక్కకి అయ్యే ఖర్చు 38 బిట్లు మాత్రమే. స్పెక్ట్రమ్ గీతల్ని ఎంట్రోపీ కోడింగ్‌లో ఒక రకమైన అరిథ్‌మెటిక్ కోడింగ్‌తో బిగిస్తుంది. బ్లూటూత్ ఎస్‌ఐజీ ప్రచురించిన శ్రవణ పరీక్షల్లో 160 కేబీపీఎస్ ఎల్‌సీ3 కూడా 345 కేబీపీఎస్ ఎస్‌బీసీ కన్నా పై మార్కులు తెచ్చుకుంది. ఈ కోడెక్‌కి అసలు బలం అక్కడుంది: సగం కన్నా తక్కువ బిట్లతో అంతే పని, లేదా అంతకన్నా మెరుగు.

దీన్ని స్వయంగా పరీక్షించుకోవడానికి ఇయర్‌బడ్స్ కూడా అక్కర్లేదు. గూగుల్ అపాచీ లైసెన్సు కింద విడుదల చేసిన లిబ్‌ఎల్‌సీ3 లైబ్రరీ ఉచితం. లైనక్స్‌లో దాన్ని దించుకుని ‘మేక్ టూల్స్’ అని ఆదేశమిస్తే ఎన్‌కోడర్, డీకోడర్ రెండు చిన్న ప్రోగ్రాములుగా తయారవుతాయి. 48 కిలోహెర్ట్జ్, 16 బిట్ల వేవ్ ఫైలు తీసుకుని, ఎన్‌కోడర్‌కి బిట్‌రేటు ఇచ్చి, వచ్చిన ఫైలుని డీకోడర్‌తో మళ్లీ వేవ్‌గా మార్చుకోవాలి. బిట్‌రేటు విషయంలో పొరపాటు పడేది ఇక్కడే: బ్లూటూత్ పట్టికల్లో 96 కేబీపీఎస్ అంటే ఒక్క ఛానెల్‌కి. ఈ ప్రోగ్రాముకి ఇవ్వాల్సింది అన్ని ఛానెళ్లకీ కలిపిన మొత్తం. స్టీరియోకి 192000 అని ఇవ్వాలి. నిమిషం నిడివి ఫైలు దాదాపు 1.44 మెగాబైట్లు వస్తే లెక్క సరిపోయినట్టు. సగమే వస్తే సగం బిట్‌రేటు దగ్గర వింటూ కోడెక్‌ని తిడుతున్నట్టు.

వినేటప్పుడు రెండు జాగ్రత్తలు. రెండు ఫైళ్ల శబ్దస్థాయి 0.1 డెసిబెల్ లోపు సమానంగా ఉండాలి, ఎందుకంటే కాస్త గట్టిగా వినిపించింది ఎప్పుడూ మెరుగ్గానే తోస్తుంది. రెండోది, పేర్లు కనిపించని ఏబీఎక్స్ పద్ధతిలోనే (ఎక్స్ అనేది ఏనా, బీనా అని చెవితోనే పోల్చి చెప్పడం) వినాలి. పరీక్ష ధ్వనుల కోసం యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ ఉచితంగా ఇచ్చే స్క్వామ్ రికార్డింగులు ఉన్నాయి. అందులో కాస్టనెట్లు, గ్లాకెన్‌స్పీల్, హార్ప్సికార్డ్, మనిషి గొంతు ఈ నాలుగూ చాలు.

ఆ నాలుగింటిలో ఏది ఎల్‌సీ3ని ఇబ్బంది పెడుతుందో తెలుసుకుంటే కోడెక్ స్వభావం అర్థమవుతుంది. చాలామంది కాస్టనెట్ల టకటకలకి తడబడుతుందనుకుంటారు. పాత బ్లూటూత్‌లోనే వాడే ఇంకో కోడెక్ ఏఏసీలో 1024 నమూనాల పొడవైన ముక్క ఉంటుంది కాబట్టి, టక్కుమనే శబ్దం ముందే చెదిరి వినిపించకుండా 128 నమూనాల పొట్టి ముక్కలకి మారాల్సి వస్తుంది. ఎల్‌సీ3లో ఆ మార్పిడి అసలు లేదు. ముక్క మొదటే పొట్టిది, మిగిలింది, రొద ఏ క్షణంలో దాక్కోవాలో నిర్ణయించే టెంపోరల్ నాయిస్ షేపింగ్ సర్దుకుంటుంది. దీని బలహీనత మరోచోట ఉంది. 24 కిలోహెర్ట్జ్‌ని 480 గీతలుగా పంచితే ఒక్కో గీతకి 50 హెర్ట్జ్ వెడల్పు. ఏఏసీలో అదే 23.4 హెర్ట్జ్. దగ్గర దగ్గరగా చాలా హార్మోనిక్స్ ఉండి, అలాగే సాగే హార్ప్సికార్డ్ లాంటి ధ్వనుల్లో ఎల్‌సీ3 గీతల్ని స్పష్టంగా విడదీయలేక ఎక్కువ బిట్లు ఖర్చుపెడుతుంది. స్టీరియో 64 కేబీపీఎస్ దగ్గర ఇది గరగరగా బయటపడుతుంది, చప్పట్లు నీళ్ల చప్పుడులా మారతాయి. 96 దగ్గర సద్దుమణుగుతుంది. 160 నుంచి 192 మధ్య అసలుకీ దీనికీ తేడా పట్టుకోవాలంటే చెవి బాగా తర్ఫీదు పొందినదై ఉండాలి.

కాబట్టి నిశ్శబ్దమైన గదిలో కూర్చుని 256 కేబీపీఎస్ ఏఏసీతోనో, 990 కేబీపీఎస్ సోనీ ఎల్‌డాక్ కోడెక్‌తోనో సంగీతం వినేవాళ్లు ఎల్‌సీ3కి మారితే ధ్వని నాణ్యత పెరగదు. మారమని చెప్పడానికి కారణమూ లేదు. ‘హై-రెజ్’ అన్న ముద్ర చూసి ఎల్‌సీ3 అనుకుంటే అది ఇంకో పొరపాటు. ఆ ముద్ర పొందినది ఎల్‌సీ3ప్లస్. అది ఈటీఎస్‌ఐ (యూరప్ టెలికాం ప్రమాణాల సంస్థ) ప్రమాణం, 96 కిలోహెర్ట్జ్ దాకా వెళ్తుంది, 5, 2.5 మిల్లీసెకన్ల ముక్కలతోనూ పనిచేస్తుంది. బ్లూటూత్ ఎల్‌ఈ ఆడియోలో తప్పనిసరిగా ఉండేది మామూలు ఎల్‌సీ3నే.

ఆదా చేసిన బిట్లు ఎటు పోతాయన్నదే ఇక్కడ అసలు కథ. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో వైఫై, మైక్రోవేవ్ ఓవెన్లు, పక్కవాళ్ల బ్లూటూత్ అన్నీ కలిసి ఉంటాయి. పైగా ఆ పౌనఃపున్యాన్ని మనిషి ఒళ్లే పీల్చేస్తుంది. ఫోన్ కుడి జేబులో ఉంటే ఎడమ చెవికి సిగ్నల్ చేరడం కష్టమైపోతుంది. అలాంటప్పుడు ధ్వనిని కాపాడేది మళ్లీ మళ్లీ పంపడమే. లెక్క వేసి చూద్దాం. 48 కిలోహెర్ట్జ్, ఒక్కో బడ్‌కి 96 కేబీపీఎస్ అంటే 10 మిల్లీసెకన్లకి 120 బైట్లు. ముందు వచ్చే ప్రియాంబుల్, చిరునామా, హెడర్, ఎన్‌క్రిప్షన్ తనిఖీ, సీఆర్‌సీ అనే తప్పుల తనిఖీ కలిపితే 135 బైట్లు. సెకనుకి 2 మెగాబిట్ల రేడియోలో అవి గాలిలో ఉండేది 540 మైక్రోసెకన్లు. తర్వాత 150 మైక్రోసెకన్ల విరామం, బడ్ నుంచి ‘అందింది’ అన్న 44 మైక్రోసెకన్ల జవాబు, మళ్లీ 150 విరామం. మొత్తం 884 మైక్రోసెకన్లు. రెండు బడ్స్‌కీ కలిపి 1.77 మిల్లీసెకన్లు. అంటే 10 మిల్లీసెకన్ల వ్యవధిలో ఒక్కో బడ్‌కి 5 సార్లు పంపే చోటు ఉంది. వైఫైకీ, మిగతా పనులకీ కాస్త చోటు వదిలినా 3, 4 ప్రయత్నాలు ఎక్కడికీ పోవు.

అదే 1 మెగాబిట్ రేడియోకి దిగితే ఒక్క ప్రయత్నానికే 1452 మైక్రోసెకన్లు పడుతుంది, ప్రయత్నాలు మూడుకి తగ్గిపోతాయి. రెండు పరికరాలూ 2 మెగాబిట్ల రేడియోని వాడుతున్నాయో లేదో చూడటం అందుకే ముఖ్యం. బిట్‌రేటుని 124 కేబీపీఎస్‌కి పెంచాలన్న ఉబలాటం కూడా ఇక్కడే ఆగాలి. ముక్క 155 బైట్లయి ఒక్కో ప్రయత్నం 1024 మైక్రోసెకన్లవుతుంది. చెవికి తెలిసే లాభం స్వల్పం, జనం మధ్యలో ధ్వని తెగే అవకాశం మాత్రం పెరుగుతుంది. రైలు స్టేషన్ లాంటి చోట్ల వాడేవాళ్లకి 96 మేలు, 80 అయినా నష్టం లేదు.

ప్రతి బడ్‌కీ ఫోన్ నుంచి నేరుగా సొంత ధార రావడం ఎల్‌ఈ ఆడియోలో మరో పెద్ద మార్పు. పాత పద్ధతిలో బ్లూటూత్ ప్రమాణానికి ఒక్క స్టీరియో ధారే తెలుసు. ఒక బడ్ దాన్ని అందుకుని రెండోదానికి చేరవేయడమో, రెండోది దొంగచాటుగా వినడమో తయారీదారులు ఎవరికి వాళ్లు కట్టుకున్న ఏర్పాటు. ఇప్పుడు కుడి ఎడమల సమయపు పొందిక ప్రమాణంలోనే ఉంది. ఏ బడ్‌ని ముందు కేసులో పెట్టినా రెండోది పాడుతూనే ఉంటుంది, చేరవేసే బడ్ బ్యాటరీ ముందుగా అయిపోవడం అనే పాత గొడవ తగ్గింది.

ఆలస్యం గురించి ప్రచారంలో చెప్పేది సగమే నిజం. కోడెక్ తన వంతుగా తీసుకునేది 10 మిల్లీసెకన్ల ముక్కతో 12.5 మిల్లీసెకన్లు, 7.5 ముక్కతో 11.5. తేడా ఒక్క మిల్లీసెకను. దానికోసం 7.5 ఎంచుకుంటే స్పెక్ట్రమ్ గీతలు 360కి తగ్గుతాయి, ముక్కకి 38 బిట్ల పైఖర్చు సెకనుకి 3.8 కిలోబిట్ల నుంచి 5 కిలోబిట్ల పైకి పోతుంది. 7.5 ఉన్నది పాత బ్లూటూత్ పరికరాల లయతో కలిసి నడవాల్సిన సందర్భాల కోసం. వేరే కారణం లేకపోతే 10 దగ్గరే ఉండటం తెలివైన పని. అసలు ఆలస్యాన్ని నిర్ణయించేది రేడియో అమరిక. ప్రమాణంలో 48 కిలోహెర్ట్జ్, 96 కేబీపీఎస్‌కి రెండు అమరికలున్నాయి: తక్కువ ఆలస్యానిది రవాణాకి 20 మిల్లీసెకన్ల గడువు ఇస్తుంది, ఎక్కువ నమ్మకానిది 100 మిల్లీసెకన్లు. దీనిపైన రెండు బడ్స్ ఒకేసారి పలకడానికి పెట్టుకునే గడువు ఉంటుంది, అది సాధారణంగా 40 మిల్లీసెకన్లు. అదే బడ్స్‌తో ఆట ఆడితే చురుగ్గా, సినిమా చూస్తే కొంచెం వెనకబడి అనిపిస్తే బడ్స్‌లో లోపం వెతకనక్కర్లేదు. ఏ యాప్‌కి ఏ అమరిక వాడాలో ఫోన్ నిర్ణయించింది. చాలా ఫోన్లలో దాన్ని మార్చుకునే వీలు వాడేవాళ్లకి ఇవ్వలేదు. ఇది మార్కులు తగ్గించాల్సిన విషయమే.

కాల్స్ దగ్గర మార్పు ఎవరికైనా వెంటనే తెలుస్తుంది. పాత బ్లూటూత్‌లో మైక్ తెరుచుకోగానే సంగీతపు ధార ఆగి, హెడ్‌సెట్ ప్రొఫైల్‌లోకి పడిపోతుంది. అప్పటిదాకా నిండుగా ఉన్న స్టీరియో ఒక్కసారిగా 16 కిలోహెర్ట్జ్ మోనోకి, పాత పరికరాల్లోనైతే 8 కిలోహెర్ట్జ్‌కి దిగిపోతుంది. వీడియో మీటింగుల్లో, ఆటల్లో మాట్లాడేటప్పుడు అందరూ విసుక్కునేది దీని గురించే. ఎల్‌ఈ ఆడియోలో వెళ్లే ధార, వచ్చే ధార ఒకే పద్ధతిలో నడుస్తాయి. 32 కిలోహెర్ట్జ్ గొంతుకి 64 కేబీపీఎస్ చాలు. స, శ, ష, ఫ లాంటి హల్లులు విడివిడిగా వినిపిస్తాయి, ఎదుటివాళ్లని ‘మళ్లీ చెప్పండి’ అనాల్సిన అవసరం తగ్గుతుంది. అయితే మొబైల్ నెట్‌వర్క్ కాల్ ఏఎంఆర్ వైడ్‌బ్యాండ్ అనే కోడెక్‌లో నడుస్తుంటే గొంతు 7 కిలోహెర్ట్జ్ దగ్గరే కత్తిరించి వస్తుంది, అక్కడ బడ్స్ ఏమీ చేయలేవు. తేడా వినాలంటే ఇంటర్నెట్ కాల్‌లోనో, ఈవీఎస్ అనే మెరుగైన కాల్ కోడెక్ ఉన్న నెట్‌వర్క్‌లోనో పరీక్షించాలి.

కొనేముందు, కొన్నాక చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. పెట్టె మీద ‘బ్లూటూత్ 5.2’, ‘5.3’ అని ఉన్నంత మాత్రాన ఎల్‌ఈ ఆడియో ఉన్నట్టు కాదు. దానికి కావాల్సిన ఐసోక్రోనస్ ఛానెళ్లు (సమయానికి కట్టుబడి ధ్వని చేరవేసే దారులు) 5.2లో వచ్చాయి కానీ అవి ఐచ్ఛికం. ‘ఎల్‌ఈ ఆడియో’ లేదా ‘ఆరాకాస్ట్’ (ఎల్‌ఈ ఆడియోలోని ప్రసార సదుపాయం) అన్న మాట స్పష్టంగా ఉండాలి. ఆండ్రాయిడ్ వైపు మద్దతు 13తో మొదలైంది, చిప్ కూడా సహకరించాలి. బడ్స్‌ని ఇంతకుముందే పాత పద్ధతిలో జత చేసి ఉంటే, ఫోన్‌లోంచి ఆ జతని తొలగించి, బడ్స్‌ని కూడా రీసెట్ చేసి, వాటి యాప్‌లో ఎల్‌ఈ ఆడియో ఆన్ చేశాకే మళ్లీ జత చేయాలి. పాత జత తాలూకు ఎన్‌క్రిప్షన్ తాళాలు మిగిలిపోతే ఒక బడ్ ఒక పద్ధతిలో, రెండోది ఇంకో పద్ధతిలో ప్రయత్నించి, ఒకే చెవిలో శబ్దం రావడం జరుగుతుంది. జత కుదిరాక ఫోన్ బ్లూటూత్ సెట్టింగుల్లో ఆ పరికరం వివరాల పేజీ తెరిస్తే ఎల్‌ఈ ఆడియో స్విచ్ కనిపించాలి. అది లేకపోతే వింటున్నది ఇంకా ఎస్‌బీసీయో, ఏఏసీయో అయి ఉంటుంది. విండోస్ 11లో బ్లూటూత్ పరికరాల పేజీలో ‘అందుబాటులో ఉంటే ఎల్‌ఈ ఆడియో వాడు’ అనే అర్థం వచ్చే ఎంపిక ఉంటుంది. ఎల్‌ఈ ఆడియో ఆన్ చేయగానే చాలా బడ్స్‌లో రెండు పరికరాలకి ఒకేసారి కలిసే సదుపాయం ఆగిపోతుంది. ల్యాప్‌టాప్‌కీ ఫోన్‌కీ మధ్య రోజంతా మారుతూ ఉండేవాళ్లు ఈ ఒక్క కారణంతో పాత పద్ధతిలోనే ఉండిపోవచ్చు, అందులో తప్పు లేదు.

ఆరాకాస్ట్‌ని విడిగా మెచ్చుకోవాలి. ఒక ట్రాన్స్‌మిటర్ నుంచి ఎందరైనా జత చేసుకోకుండానే వినగలిగే ప్రసారం ఇది. సభామందిరాలు, విమానాశ్రయాలు, జిమ్‌లలోని టీవీలు దీనికి సహజమైన చోట్లు, వినికిడి యంత్రాలు వాడేవాళ్లకీ ఇది పనికొస్తుంది. కాకపోతే ఏర్పాటు చేసేవాళ్లు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ధ్వని గొప్పగా ఉండాలని 48 కిలోహెర్ట్జ్ ప్రసారం ఒక్కటే పెడితే వినికిడి యంత్రాల్లో చాలా వాటికి అది అందదు. అన్ని రిసీవర్లూ తప్పక అర్థం చేసుకోవాల్సింది 16, 24 కిలోహెర్ట్జ్ మాత్రమే. 24 కిలోహెర్ట్జ్, ఛానెల్‌కి 48 కేబీపీఎస్ ధార తప్పనిసరిగా ఉండాలి. కావాలంటే దాని పక్కన 48 పెట్టుకోవచ్చు. రెండోది ఆలస్యం. ప్రసారంలో ‘అందింది’ అన్న జవాబు ఉండదు, కాబట్టి ప్రతి ముక్కనీ గుడ్డిగా పలుమార్లు పంపుతారు. నమ్మకం కోసం 24 కిలోహెర్ట్జ్‌లో 60 మిల్లీసెకన్ల గడువున్న అమరిక పెట్టి, దానికి 40 మిల్లీసెకన్ల పలికే గడువు కలిపితే 100 దాటిపోతుంది. వేదిక మీది గొంతు గాలిలో 10 మీటర్లు రావడానికి పట్టేది 29 మిల్లీసెకన్లే. ముందు వరసలో కూర్చున్నవాళ్లకి వక్త మాట చెవికి నేరుగా ఒకసారి, యంత్రంలోంచి ఇంకోసారి వినిపించి, ప్రతి మాటా జంటగా మోగుతుంది. నేరుగా మాటలు వినిపించే మందిరాల్లో 10 మిల్లీసెకన్ల గడువున్న అమరికనే పెట్టి, తెగకుండా ఉండటం కోసం ట్రాన్స్‌మిటర్‌ని జనం తలల కన్నా ఎత్తున బిగించాలి. టీవీ చూసే హాల్లోనైతే చిత్రాన్నే అంత ఆలస్యం చేసుకోవచ్చు కాబట్టి పొడవైన గడువు పెట్టినా ఇబ్బంది లేదు.

పాత టెలికాయిల్ లూప్ (వినికిడి యంత్రంలోని చిన్న తీగచుట్టకి అయస్కాంత క్షేత్రంతో ధ్వని చేరవేసే ఏర్పాటు) ధ్వని గదికి మరీ దూరం పోదు. బ్లూటూత్ గోడలు దాటుతుంది. బోర్డు సమావేశాలు, వైద్యుల గదులు, కోర్టు హాళ్లలో ఆరాకాస్ట్ పెట్టేటప్పుడు ప్రసారానికి కోడ్ పెట్టకుండా వదలకూడదు. అది 16 బైట్ల దాకా ఉండొచ్చు. నాలుగంకెల కోడ్ ఊహించడం సులువు కాబట్టి పొడవాటిదే పెట్టాలి, సమావేశం మారినప్పుడల్లా మార్చాలి. కోడ్‌ని క్యూఆర్ రూపంలో తలుపు లోపలి వైపు అతికిస్తే వచ్చినవాళ్లు ఫోన్‌తో స్కాన్ చేసుకుని చేరిపోతారు. టెలికాయిల్ మాత్రమే ఉన్న పాత వినికిడి యంత్రాల వాళ్లు ఇంకా చాలామందే ఉన్నారు, వాళ్ల కోసం ఉన్న లూప్‌ని ఇప్పుడే పీకేయడం మాత్రం సరికాదు. రెండూ ఒకే మిక్సర్ నుంచి నడిపించుకోవచ్చు.